ఎల్‌స్టర్ ఆగే చోటు

ముందుగా వినిపించింది కొరుకుడు చప్పుడు.

కరుక్కుమని ఒక చిన్న కాటు. ఆ వెంటనే ఫెళ్ళుమని ఒక పెద్ద కాటు. కాసేపు నమలడం. మళ్ళీ చిన్నది, మళ్ళీ పెద్దది. ఎల్బ నది మీంచి లేచిన పొగమంచు గుర్రపుశాల తలుపుల దాకా వచ్చి నిలబడిన ఆ ఉదయం, త్యార్క్ బేరెన్స్ గడపలోనే ఆగి చెవి ఒగ్గాడు. లోపల ఎవరో, ఎవరితోనో, ఏదో పంచుకు తింటున్నారు.

"నీకిది, నాకిది. ఇంకా కావాలా? అబ్బ, ఎంతాశ! సగమంటే సగమే. నీ నోరు పెద్దదైతే నేనేం చెయ్యను?"

ఆడగొంతు. లోపలి మసకలోంచి మెల్లగా ఒక ఆకారం తేలింది: పొట్టి మనిషి, పొడుగు బూట్లు, చేతిలో సగం ఆపిల్. ఆమె భుజం మీద మూతి ఆనించి, నలుపు తెలుపు మచ్చల గుర్రం ఎల్‌స్టర్, లోకంలో ఇంకెవరూ లేనట్టు నములుతోంది.

"లూర్స్ గారు మీరేనా?" అన్నాడు త్యార్క్.

"నేనే. గుర్రం మీదేనా? మీ గుర్రం నా పొద్దుటి తిండిలో సగం తినేసింది."

"కొత్తవాళ్ళ చేతిలోది తినే అలవాటు దానికి లేదు."

"అలవాటు లేకుండానే ఇంత తిన్నదా!"

త్యార్క్ నవ్వబోయి మానుకున్నాడు. నవ్వడానికి రాలేదతను, ఒప్పందం మాట్లాడడానికి వచ్చాడు. వారంలో మూడు రోజులు తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా అతనికి నది మీద బల్లకట్టు నడిపే పని. ఆ మూడు రోజులూ ఎల్‌స్టర్ నిలుచున్నచోటే నిలుచుండేది. అందుకే వాటాకి మనిషి కావాలని కబురు పెట్టాడు. ఆ ఊళ్ళల్లో అది మామూలే: గుర్రం ఒకరిది, స్వారీ ఇద్దరిది, మేత ఖర్చు సగం సగం.

శాల యజమానురాలు గేషె బల్ల మీద కాఫీ పెట్టి, తానూ ఒక ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. పంచాయితీ ఎక్కడ జరిగినా ఆమెకు ఇష్టమే.

"మంగళ, గురు, శనివారాలు మీవి," అన్నాడు త్యార్క్. "బుధ, శుక్ర, ఆదివారాలు నావి. సోమవారం దానిది."

"సోమవారం దానిది! నాకు నచ్చింది. మరి నా రోజున వాన పడితే?"

"తడవండి."

"మీ రోజున పడితే?"

"నేను తడుస్తాను."

"న్యాయమే. లద్దె?"

"ఎవరి రోజున వాళ్ళే ఎత్తాలి."

"నా రోజున దానికి జబ్బు చేస్తే దగ్గర ఎవరు కూర్చోవాలి?"

అతను అది ఆలోచించలేదు. "ఇద్దరం," అన్నాడు.

ఆమె కాఫీ కప్పు మీదుగా అతనివైపు చూసింది. అతను తన కప్పులోకి చూసుకున్నాడు.

"గడ్డకట్టిన నేల మీద పరుగు వద్దు. ఎవరైనా పడితే ఆ రోజే రెండోవాళ్ళకి చెప్పాలి. ఇంకొకటి... మనం మీరు అనే పిలుచుకుందాం. ఇంటిపేర్లతోనే," అన్నాడతను.

గేషె పగలబడి నవ్వింది. "గుర్రపుశాలలో మీరా! ఇక్కడ మేం మీరు అనేది పశువైద్యుడొక్కణ్ణే అబ్బాయ్. అదీ ఆయన చేతిలో సూది ఉన్నప్పుడే."

త్యార్క్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇదివరకు దీన్ని నా స్నేహితుడితో పంచుకున్నాను. స్నేహం కదా అని ఏదీ మాట్లాడుకోలేదు. అతను మంచుగడ్డ మీద పరిగెత్తించాడు. దీని కాలు వాచింది. స్నేహం కదా అని అడగలేకపోయాను. చివరికి కాలు బాగైంది. స్నేహం బాగవలేదు."

నవ్వు ఆగింది. లూర్స్ కప్పు అంచు నిమిరింది.

"సరే, బేరెన్స్ గారూ. మీరు అనే అనుకుందాం. ఎప్పుడైనా మనసు మారితే మొదట మీరే నన్ను పేరు పెట్టి పిలవాలి. పెద్దవాళ్ళు పిలిచాకే కదా చిన్నవాళ్ళు పిలవాలి? నేను మాత్రం ముందు పిలవను."

"నాకంటే ఎంత చిన్నవారని?"

"చిన్నదాన్నే. అంత చాలు."

"నా చట్టం కూడా వినండి," అంది గేషె. "గుర్రం మీంచి పడ్డవాళ్ళు శాలకంతటికీ కేకు తేవాలి. దీనికి మీరూ నువ్వూ తేడా లేదు."

కాగితం మీద సంతకాలయ్యాయి. లూర్స్ అన్న ఇంటిపేరు ముందు ఆమె అసలు పేరు చూశాడు త్యార్క్. మనసులో ఒకసారి అనుకున్నాడు. పైకి అనలేదు.

*

ఒకే గుర్రం ఇద్దరినీ కలుపుతుందనుకుంటాం. నిజానికి విడదీస్తుంది. ఒకరు ఎక్కిన రోజున మరొకరికి అక్కడ పనుండదు.

త్యార్క్‌కు ఆమె ఎప్పుడూ అప్పుడే వెళ్ళిపోయిన మనిషి. బుధవారం పొద్దున శాలలోకి వస్తే, ఎల్‌స్టర్ జూలులో మంగళవారం అల్లిన సన్నని జడ కనిపించేది. విప్పడానికి చేతులు రాక, ఆ జడతోనే స్వారీకి వెళ్ళేవాడు. పాదం పెట్టే రికాబు పట్టీలు ఆమె కాలికి తగ్గట్టు పొట్టిగా ఉండేవి. తన పొడుగు కాళ్ళ కోసం వాటిని దించుతూ, ఆ పట్టీ మీద నిన్న ఆనిన వేళ్ళ గురించి ఆలోచించకూడదని ప్రతిసారీ అనుకునేవాడు. ప్రతిసారీ ఆలోచించేవాడు.

ఒక బుధవారం వచ్చేసరికి పట్టీలు దించే ఉన్నాయి, సరిగ్గా అతని కాలికి.

త్యార్క్ చాలాసేపు జీను పట్టుకుని నిలబడ్డాడు. ఆ సాయంత్రం శాల విడిచే ముందు వాటిని ఆమె కాలికి తగ్గట్టు పైకి ఎత్తి కట్టాడు. ఆనాటి నుంచి ఇద్దరిలో ఎవరూ తమ కోసం పట్టీ సర్దుకోలేదు. ఎవరికి వారు ఎదుటివారి కోసం సర్దారు. దాని గురించి మాట మాత్రం అనుకోలేదు.

చలికాలం వచ్చింది, పోయింది. వసంతంలో ఒక గురువారం నది మీద వాన విరుచుకుపడింది. బల్లకట్టు సగం దూరంలో ఉండగా త్యార్క్ తలెత్తి చూశాడు. కరకట్ట మీద నలుపు తెలుపు గుర్రం, దాని మీద చిన్న ఆకారం, కదలకుండా. అతను చెయ్యెత్తాడు. ఆమె చూసిందో లేదో తెలియదు. బల్లకట్టు అవతలి ఒడ్డుకు చేరేదాకా గుర్రం అక్కడే ఉంది. ఒప్పందం ప్రకారం ఆమె తడుస్తోంది. ఒప్పందంలో లేకుండా అతనూ తడుస్తున్నాడు.

బల్లకట్టు ఇంజను హోరులో ఎవరికీ వినబడదని, అప్పుడప్పుడు ఆమె పేరు పెదవుల మీదికి తెచ్చుకునేవాడు. గొంతు కలిపేలోగా మింగేసేవాడు.

*

ఆపిళ్ళు మళ్ళీ రాలే రోజులు వచ్చాయి.

"ఆ పిల్లను ఒక ఆదివారం కాఫీకి పిలవచ్చుగా?" అంది గేషె, ఎండుగడ్డి మోపు విప్పుతూ. "ఏడాదిగా చూస్తున్నాను. రికాబు పట్టీలతో మాట్లాడుకునే మనుషుల్ని నేనెక్కడా ఎరగను."

తడబడినప్పుడు త్యార్క్‌కు మాటలు కటువుగా వస్తాయి. "ఒప్పందంలో కాఫీ లేదు గేషె. ఆమె వాటాదారు. అంతే."

తలుపు అవతల బూట్ల చప్పుడు ఒకటి ఆగింది, వెనక్కి మళ్ళింది. ఎవరో అనుకున్నాడు.

ఆ తర్వాతి బుధవారం రికాబు పట్టీలు ఆమె కాలి పొడవుకే ఉన్నాయి. జూలులో జడ లేదు. బల్ల మీద, గుడ్డ కప్పిన పళ్ళెంలో కేకు ముక్క ఒకటి ఉంది.

కేకు! అంటే పడింది. పడి, తనకు చెప్పలేదు. ఆమె చెయ్యి విరిగినట్టు, కాలు మెలిపడినట్టు, లేనిపోనివన్నీ అతని కళ్ళ ముందు తిరిగాయి. జీను అక్కడే వదిలేసి, ఆమె పనిచేసే మందుల దుకాణానికి పరుగెత్తాడు. లోపల మనుషులు వరసలో ఉన్నారు. అతను వరసను చూడలేదు.

"ఎక్కడ పడ్డారు? దెబ్బ తగిలిందా?"

ఆమె సీసా పట్టుకుని నిలబడిపోయింది. "నేనా? పడలేదే."

"మరి కేకు?"

"అది వీడ్కోలు కేకు, బేరెన్స్ గారూ." ఆమె సీసా మూత బిగించింది, అప్పటికే బిగిసి ఉన్నదాన్ని. "ఒప్పందం ప్రకారం నెలాఖరు దాకా వస్తాను. ఆ తర్వాతికి అవతలి ఊళ్ళో ఒక ముసలి గుర్రాన్ని చూసుకున్నాను."

"ఎందుకు?"

"వాటాదారులు మారుతుంటారు. అంతే."

తన మాట తనకే తిరిగొచ్చింది. తలుపు అవతల ఆగిన బూట్లు ఎవరివో అప్పుడు తెలిసింది.

వెనక నుంచి ఒక పెద్దావిడ చేతికర్రతో అతని కాలిని తట్టింది. "మందు కావాలంటే తీసుకో నాయనా. లేకపోతే జరుగు. నాకు దగ్గుతో ప్రాణం పోతోంది."

అతను జరిగాడు.

*

ఆదివారం ఎల్‌స్టర్ మీదికెక్కాడు గాని, ఎటు పోవాలో తోచలేదు. ఎప్పుడూ ఊరికి దూరంగా, బీడు వైపు తీసుకెళ్ళేవాడు. ఆ రోజు పగ్గం వదిలేశాడు. నీ ఇష్టం, నువ్వే పో అన్నాడు.

ఎల్‌స్టర్‌కు ఇష్టమైన చోటు ఒకటుంది. కరకట్ట దిగింది, సందు తిరిగింది, హుషారుగా దుడుకు నడక అందుకుంది. ఇదేమిటి, ఇది మా ఇంటి దారి కదా అని త్యార్క్ అనుకునేలోగా, అతని కంచె ముందు, అతని ఆపిల్ చెట్టు కింద, నేలలో దిగేసినట్టు ఠక్కున ఆగింది.

గుర్రం ఆగింది. త్యార్క్ ఆగలేదు. దాని మెడ మీదుగా వెళ్ళి తడి పొదలో పడ్డాడు.

పక్కింటి హాన్నె ముసలమ్మ కిటికీ తెరిచింది. "అదిక్కడ ఆగుతుందని నీకు తెలియదా అబ్బాయ్? నువ్వు బల్లకట్టు మీదున్న రోజుల్లో ఆ అమ్మాయి వస్తుందిగా. రాలిన కాయ ఒకటి ఏరుతుంది. సగం దానికి, సగం తనకి. నీ కిటికీ వైపు చూస్తూ తింటుంది. చలికాలం కాయల్లేకపోయినా ఆగేది."

"నేను ఇంట్లో ఉండనని తెలుసు కదా ఆమెకు?"

"అదే అడిగాను. ఉంటే ఆగే ధైర్యం లేదండీ అంది."

కిటికీ మూసుకుంది. త్యార్క్ పొదలో అలాగే కూర్చున్నాడు. ఎల్‌స్టర్ మెడ వంచి రాలిన కాయ ఒకటి అందుకుంది. ఫెళ్ళుమని పెద్ద కాటు. ఆ తర్వాత, అలవాటు కొద్దీ, చిన్న కాటు కోసం ఎదురుచూస్తూ తలెత్తింది.

*

నెలలో ఆఖరి శనివారం త్యార్క్ తన బల్లకట్టు పని ఇంకొకరికి అప్పగించి శాలకు వచ్చాడు. చేతిలో ఆపిల్ కేకు. అడుగు నల్లగా మాడింది.

"ఎవరు పడ్డారు?" అంది గేషె.

"నేను."

"నువ్వా! ఎక్కడ?"

"మా కంచె దగ్గర. ఎల్‌స్టర్ ఠక్కున ఆగింది."

లోపల గుర్రాన్ని తోముతున్న బ్రష్షు చప్పుడు ఆగిపోయింది. గేషె ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసి, కేకులో పెద్ద ముక్క కోసుకుని, "నాకు అవతల చాలా పనుంది," అంటూ వెళ్ళిపోయింది.

బ్రష్షు చేతపట్టుకుని ఆమె బయటికి వచ్చింది. ముఖం చెవుల దాకా ఎర్రగా ఉంది.

"పడితే ఆ రోజే చెప్పాలి. మీరు పెట్టిందే."

"ధైర్యం కూడగట్టుకోవడానికి వారం పట్టింది."

"దెబ్బ తగిలిందా?"

"మోచేతికి."

"ఆ కాయలు నేను కొయ్యలేదు. రాలినవే."

"తెలుసు."

"హాన్నె గారు చెప్పారా?"

"ముందు గుర్రం చెప్పింది."

ఆమె బ్రష్షులో ఇరుక్కున్న వెంట్రుకలు తీయసాగింది. "ఆ రోజు మీరన్నది విన్నాను."

"విన్నారని తర్వాత తెలిసింది. ఆ మాట అన్నది నా భయం. స్నేహితుడు పోతే ఓర్చుకున్నాను. మీరు పోతే..." అతను కేకు బల్ల మీద పెట్టి, ఖాళీ చేతులు ఏం చెయ్యాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు. "మన ఒప్పందం న్యాయంగా లేదు."

"ఎక్కడ అన్యాయం?"

"మీకు మూడు రోజులు, నాకు మూడు, దానికొకటి. మనకి ఒక్కటీ లేదు."

బ్రష్షు ఆమె చేతిలో నిలిచిపోయింది. పెదవి చివర ఏదో కదిలింది. "గుర్రం ఒక్కటే కదా?"

"ఒకరు ఎక్కితే ఒకరు నడుద్దాం. దారిలో మారదాం. ఆదివారాలు."

"మారినప్పుడల్లా రికాబులు సర్దాలి."

"నేను సర్దుతాను."

"వాన పడితే?"

"ఇద్దరం."

ఆమె కేకు ముక్క ఒకటి తీసుకుని రెండుగా విరిచింది. మాడిన వైపు అతనికిచ్చింది. "సగం," అంది. కాసేపు ఇద్దరూ తిన్నారు. కరుక్కుమని ఒక చిన్న కాటు, ఒక పెద్ద కాటు.

"అవతలి ఊరి గుర్రానికి కబురు పంపుతాను, రానని," అంది ఆమె. "కాని ఇంకొకటి మిగిలింది, బేరెన్స్ గారూ. అది నేను ముందు అనకూడదు."

ఏ హోరూ లేదక్కడ, నది లేదు, ఇంజను లేదు. ఎల్‌స్టర్ కూడా నమలడం ఆపి చెవులు నిక్కించింది. ఏడాదిగా మింగిన ఆమె పేరు అతని గొంతులో ఒకసారి తడబడి, నిలదొక్కుకుని, బయటికి వచ్చింది.

"వీబ్కె."