పక్క సీట్లో ఎవరు?

ఆదివారం పొద్దున టిఫిన్ ప్లేట్లు తీయగానే కొడుకు డైనింగ్ టేబుల్ మీద పెద్ద తెల్లకాగితం పరిచాడు. డ్రైవింగ్ స్కూల్‌కి వెబ్‌సైట్ పెట్టాలని ఇంట్లో చాలాకాలంగా అనుకుంటున్నదే. ఆ స్కూల్ తండ్రి పెట్టింది. నడుంనొప్పి వచ్చాక ఆయన ఆఫీసులో కూర్చుంటున్నాడు, కారులో పక్కన కూర్చుని నేర్పేదంతా కూతురే. కొడుకుది కంప్యూటర్ ఉద్యోగం.

ఆ కాగితమే హోమ్ పేజీ అనుకోమన్నాడు కొడుకు. చిన్న చీటీల మీద ఒక్కో విషయం రాసి, ఏది పైన ఉండాలో, ఏది మెనూలో దేని కిందికి వెళ్లాలో సర్దమన్నాడు. తండ్రి చీటీలన్నీ కాగితం మీదే పేర్చేశాడు. మొదటి కారుకి ఆనుకుని దిగిన తన ఫొటో అన్నిటికన్నా పైన, దాని కింద కొత్త కార్లు, షీల్డులు, సన్మానాలు. దొరికిందల్లా ఎక్కించడానికి ఇదేం అటక కాదని కొడుకు మొత్తుకుంటే, షీల్డులొక్కటీ తీయడానికి ఒప్పుకున్నాడు.

పొద్దుటి క్లాసు ముగించుకుని కూతురు అప్పుడే వచ్చింది. తాళాలు చేతిలో పట్టుకునే కాగితమంతా ఓసారి చూసింది.

"ఇందులో నేనెక్కడున్నాను?"

తమ్ముడు కాస్త ఇబ్బందిగా పక్కనున్న చీటీలు చూపించాడు. 'మా గురించి' అన్నది నొక్కితే, దాని లోపల 'సిబ్బంది' అని ఉంటుంది. అందులో.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఊరికి అటువైపున్న ఇంకో స్కూల్ వాళ్లు తనను రమ్మంటున్నారని చెప్పింది. ఇన్నాళ్లూ ఎటూ తేల్చుకోలేకపోయానని, ఇప్పుడు తేలిపోయిందని అంది. తండ్రి ముఖం ఎర్రబడింది. జనం తన పేరు చూసే వస్తున్నారని, ఆ పేరు తెచ్చుకోవడానికి తన నడుం విరిగిందని అన్నాడు. "నేను కాదన్నానా నాన్నా?" అంది కూతురు.

వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ తల్లి నెమ్మదిగా వచ్చి టేబుల్ దగ్గర కూర్చుంది.

"పెళ్లైన కొత్తలో మీరు నాకు కారు నేర్పుతానన్నారు, గుర్తుందా?"

ఆయన తల దించుకున్నాడు. పిల్లలిద్దరికీ ఆ సంగతి తెలియదు. ఖాళీ మైదానంలో కారు ఆగిపోయిన ప్రతిసారీ ఆయన అరిచాడు. చివరికి ఆవిడ తలుపు తీసుకుని దిగి, ఎండలో ఇంటిదాకా నడిచొచ్చింది. మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు.

"నాకు కారు కొత్తదా పాతదా అనవసరం," అంది తల్లి. "నా పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు, నేను తప్పు చేస్తే అరుస్తారా అరవరా, అదొక్కటే తెలియాలి. భయంభయంగా వచ్చేవాళ్లు ముందు చూసేది అదేనండీ."

ఆయన తన ఫొటో చీటీ తీసి 'మా గురించి' పక్కన పెట్టాడు. ఖాళీ చీటీ మీద ఏదో రాసి, కాగితం నడినెత్తిన అతికించాడు.

'మీ పక్కన కూర్చునేది మా అమ్మాయి. అరవదు.'

కూతురు చదివి నవ్వబోయింది, కానీ కళ్లు నిండిపోయాయి. వెళ్లాలనుంటే వెళ్లమన్నాడాయన, కోపంతో మాత్రం వెళ్లొద్దన్నాడు. ఆమె తాళాలు టేబుల్ మీద పెట్టేసి, ఆ స్కూల్ వాళ్లకి రేపు ఫోన్ చేసి రానని చెప్పేస్తానంది.

కొడుకు హుషారుగా మిగతావి సర్దేశాడు. మెనూలో నేర్పేవారు, క్లాసులు, ఫీజులు, మా గురించి. అంతే. తల్లి కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా వెతికింది.

"మరి చేరాలంటే ఎక్కడ నొక్కాలి?"

ముగ్గురూ కాగితం వైపు చూశారు. ఆ చీటీ ఎవరూ రాయలేదు. కొడుకు నాలుక్కరుచుకుని పెన్ను అందుకున్నాడు.

"ఇప్పుడెవరు చేరుతున్నారే?" అన్నాడు తండ్రి.

"నేనే," అంది తల్లి, కూతురి వైపు తిరిగి.