ఎవరూ తొక్కని ఇసుక

2094 నాటికి తూర్పు తీరంలో పొద్దున్నే చేపల ధరల తర్వాత ఊరి మైకులో ఇసుక వార్తలు చదివేవారు. ఫలానా రేవుకి ఈ వారం అరమీటరు పెరిగింది, ఫలానా ఊరికి పావు. సూరాడపేట పేరు వచ్చేసరికి మాత్రం వరసగా మూడో నెల కూడా తరుగుదలే.

ఎందుకో సాకేత్‌కి అంతుపట్టడం లేదు. ఒడ్డుకాపరి యంత్రాన్ని చూసుకునే ఇంజినీరు అతనే. అలలు తీరానికి ఏటవాలుగా తగిలి ఇసుకను ఒడ్డు వెంట ఉత్తరానికి మోసుకుపోతాయి. లాంగ్‌షోర్ డ్రిఫ్ట్ అనే ఈ తీరవాహాన్ని వెనకటివాళ్లు రాతికట్టలతో ఆపారు. కట్టకు ఇవతలి ఊరికి ఇసుక పోగుపడేది, అవతలి ఊరు కోసుకుపోయేది. కాపరి అలా కాదు. సముద్రం అడుగున వేలాది రెక్కలను వంచుతూ, లేపుతూ నీటి వేగం తగ్గించి, అవసరమైన చోట ఇసుకను దింపుతుంది.

నలభై ఏళ్ల కింద మునిగిన పాత సూరాడపేట నేల నిరుడు అలాగే పైకి తేలింది. ఇప్పుడు మళ్లీ పోతోంది. నాలుగు రోజుల్లో అమావాస్య పోటు. ఈలోగా ఒడ్డు నిలవకపోతే వెనకున్న అరవై ఇళ్లూ ఖాళీ చేయాలి.

రెక్కలన్నీ పరీక్షించాడు. ఒక్కటీ చెడలేదు. చివరికి కాపరినే అడిగాడు.

"సూరాడపేట ఇసుకని ఏం చేస్తున్నావ్?"

"ఉత్తరాన రిసార్టు ఒడ్డుకి పంపుతున్నానండి."

"ఎవరు పంపమన్నారు?"

"మీకు ముందు పనిచేసినవారు. ఎక్కడ అవసరముంటే అక్కడికి పంపమన్నారు, అవసరాన్ని అడుగులతో కొలవమన్నారు. ఇసుకలో కలిపిన స్పర్శగింజలు మనుషుల అడుగులు లెక్కపెడతాయి. రిసార్టు దగ్గర రోజుకి తొమ్మిది లక్షల అడుగులు. ఇక్కడ మొదటి వారం కొన్ని పడ్డాయి, తర్వాత ఒక్కటీ లేదు. తొమ్మిది నెలలు ఎదురుచూశాను. వీళ్లకిది అక్కర్లేదు."

సాకేత్ మరింత అయోమయంలో పడ్డాడు. ఇసుక తేలిన రోజున డప్పులు కొట్టి హారతి పట్టిన ఊరికి అక్కర్లేకపోవడమేమిటి?

ఒడ్డున జాహ్నవి మామ్మ వల బాగుచేస్తోంది. డెబ్బై దాటిన మనిషి.

"మామ్మా, ఈ ఇసుక మీద ఎవరూ నడవరా?"

"ముందు నువ్వు పక్కకి జరుగు బాబూ. నిలబడ్డది సరిగ్గా మా పొయ్యి మీద."

సాకేత్ ఒక్క గంతు వేశాడు. అప్పుడు కనిపించాయి ఇసుక మీద గవ్వల గీతలు. మునిగిన ఇల్లు ఎక్కడుండేదో గుర్తు తెచ్చుకుని ప్రతి కుటుంబమూ గీసుకుంది.

"అదిగో, మా ఆయన మంచం. ఇటు మా తోడికోడలి అరుగు. ఎలా తొక్కుతాం? పిల్లల్నీ రానివ్వలేదు. పడవలు కూడా చుట్టూ తిప్పి దించుతున్నాం. ఇంత అపురూపంగా చూసుకుంటుంటే ఎందుకు పోతోంది?"

"అపురూపంగా చూసుకున్నందుకే, మామ్మా." విషయం చెప్పాడు.

"తొక్కకపోతే వద్దన్నట్టా? ఏం యంత్రమయ్యా అది!"

"మేం నేర్పిందే అది. ఆ లెక్క మార్చాలంటే పైనుంచి అనుమతికి నెల పడుతుంది."

మామ్మ వల పక్కన పెట్టింది.

"ఇంట్లో తిరిగినట్టు తిరిగితే లెక్కలోకొస్తుందా?"

"వస్తుంది."

"అయితే ఆయన మంచం తొక్కకుండా తిరుగుతాం."

సాయంత్రానికి ఊరంతా ఇసుక మీదే ఉంది. పొయ్యి నుంచి అరుగుకి, అరుగు నుంచి పెరట్లోకి జనం నడుస్తున్నారు. "ఒసే, నీ గోడ ఇంత ముందుకి ఎప్పుడుందే!" అని మామ్మ తోడికోడలి మీద అరుస్తోంది. "నువ్వు మర్చిపోతే నేనేం చేయను!" అని ఆవిడ.

నాలుగో రోజు పోటు వచ్చింది. ఇళ్లకు పాతిక గజాల దూరంలో ఆగి, వెనక్కి పోయింది.

"ఇసుక నిలబడుతోందండి," అంది కాపరి. "కానీ ఒక సంగతి అర్థం కావడం లేదు. నేల చదునుగా ఉంది, ఏ అడ్డూ లేదు. అయినా ఒక చోట ప్రతి మనిషీ కాలు పైకెత్తి దాటుతున్నాడు. అక్కడేముంది?"

సాకేత్ మామ్మ ఇంటి గవ్వల గీత ముందు నిలబడి చూశాడు. "గడప," అన్నాడు.

"గింజలకి ఏమీ తగలడం లేదండి."

"బయటే నిలబడ్డావేం బాబూ?" మామ్మ లోపల్నుంచి కేకేసింది. "రా, కూర్చో."

సాకేత్ కాలు పైకెత్తి దాటాడు.