పడవ ఎడమ పక్క

జగిత్యాలలోని డిటెక్టివ్ సంధ్యారాణి గదిలోకి వచ్చిన చెక్క పడవలు చేసే జేబా కుర్చీలో కూర్చోలేదు. అరచేయంత ఎపాక్సీ జిగురు పూత పెచ్చును బల్ల మీద పడేసింది.

"నా పడవ పూత ఊడింది మేడం. నా పని చెడ్డది గాదు, ఎవలో చెడగొట్టిండ్రు. శుక్రారం దాంక పడవ నీళ్లల్ల దిగకపోతే చేపల సంఘపోళ్లు నా షెడ్డు గుంజుకొని ఇక్బాల్ భాయ్‌కి ఇస్తరట. నేనియ్య!"

సహాయకురాలు శంకరవ్వ పెచ్చును తిప్పి చూసింది. లోపలి వైపు నున్నగా మెరుస్తోంది.

"మొఖం కనబడుతుంది బిడ్డా."

"అదే వింత అవ్వా," అంది సంధ్యారాణి.

జేబా ఊరు తంగళ్ళపల్లి దాకా బస్సులో శంకరవ్వ జేబా చెయ్యి వదల్లేదు. బతుకుదెరువుకని ఆమె గల్ఫ్ బస్సెక్కించి పంపినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. ఈ పిల్ల షెడ్డును ఎడబాయకూడదని రాజన్న దేవుడికి మొక్కుకుంది.

షెడ్డులో పడవ కుడి పక్క చెక్కుచెదరలేదు. సంధ్యారాణి అక్కడ కత్తి దూరిస్తే పూత చెక్క పేళ్లతో సహా లేచింది, అంత గట్టిగా పట్టుకుంది. గోడ వైపున్న ఎడమ పక్కే పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

"రెండు పక్కలా ఒకే డబ్బానా?"

"ఒకే డబ్బా, ఒకే పొద్దు. ముందురోజు ఎనభై నంబరు ఎమెరీ కాగితంతోని గీరిన. గరుకుంటెనే ఎపాక్సీ పట్టుకుంటది. అప్పుడే దుమ్ము దులిపి, ఉతికిన బట్టతోని తుడిచిన... అవ్వా, చెయ్యి పెట్టకు! చెమట అంటినా పట్టది."

శంకరవ్వ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పూత వేసేటప్పుడు తేడా తెలియలేదా?"

"గోడ పక్క చీకటి. ముట్టద్దు గదా, ముట్టలే."

జేబా దగ్గరిది కాక, షెడ్డు తాళంచెవి సంఘం దగ్గర ఒకటి, ఇక్బాల్ దగ్గర ఒకటి ఉన్నాయట. సంధ్యారాణి ఊడినచోట నీళ్లు చిలకరించింది. చుక్కలు పూసల్లా నిలిచాయి. కొత్తగా గీరిన చెక్కముక్క మీద అవే నీళ్లు పరుచుకున్నాయి.

"నూనె," అంది శంకరవ్వ.

మర్నాడు సంధ్యారాణి పిలిస్తే ముగ్గురు షెడ్డుకు వచ్చారు: సంఘం అధ్యక్షుడు రాజమల్లు, ఫైబర్ పడవలే కొనాలని సంఘంలో పట్టుబట్టే శేఖర్, కోరుట్లలో ఫర్నిచర్ చేసే జేబా పెదనాన్న కొడుకు ఇక్బాల్. సంధ్యారాణి తలా ఒక గరుకు చెక్క, నూనె, రెండు రకాల ఎమెరీ కాగితాలు ఇచ్చింది.

"నూనె పట్టించండి."

రాజమల్లు గుమ్మరించాడు. "తలకు రుద్దినట్టున్నదిరా," అని తనే నవ్వుకున్నాడు. శేఖర్ గుడ్డతో పులిమాడు. ఇక్బాల్ చెయ్యి మాత్రం దానంతటదే నున్నటి కాగితం అందుకుంది. చెక్కను పట్టులా చేశాకే నూనె ముట్టాడు.

సంధ్యారాణి పెచ్చును ఎత్తి చూపింది.

"ఇది చెక్కకు అచ్చు. జేబా గీరిన గీతలు దీని మీద ఉండాలి. ఒక్కటీ లేదు. అంటే గీరిన రాత్రి ఆమె వెళ్లాక ఎవరో నున్నగా రుద్ది, నూనె పెట్టారు. చెడగొట్టడానికి ఒట్టి నూనె చాలు. కానీ గరుకు చెక్కకు నూనె పెట్టడం మీ చేతికి రాదు, ఇక్బాల్. రోడ్డుకు కనబడుతుందని కుడి పక్క వదిలేశారు."

ఇక్బాల్ చెక్కను కింద పెట్టాడు.

"గా గరుకు జూసి ఊకోలేకపోయిన," అని గొణిగి, అంతలోనే గొంతు పెంచాడు. "అయినా ఆడపిల్లకు పడవలేంది?"

"నీ చెయ్యి అద్దం జేస్తది భాయ్. అద్దం నీళ్లల్ల తేలది," అంది జేబా.

రాజమల్లు తల దించుకున్నాడు. "తప్పయింది బిడ్డా. శుక్రారం దించు."

"శుక్రారం గాదు. నూనె ఇంకింది. మళ్ల గీరాలె, మళ్ల ఎండాలె. వచ్చే సోమారం దించుత. షెడ్డు తాళంచెవులు రెండూ ఇప్పుడే ఇయ్యుండ్రి."

రెండు చెవులూ ఆమె అరచేతిలో పడ్డాయి. తిరుగు బస్సులో శంకరవ్వ కిటికీలోంచి వెనక్కి చూసింది. జేబా చెయ్యి ఊపడానికి రాలేదు. షెడ్డులోంచి గీరుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది.