నానమ్మ పనివాళ్ళు

మధ్యాహ్నం పోసిన నీళ్ళు సాయంత్రమైనా మడిలో అలాగే నిలిచి ఉన్నాయి. పిడుగు మాటిమాటికీ వీధి గుమ్మం వైపు చూస్తోంది. ఇంకాసేపట్లో నానమ్మ వచ్చేస్తుంది.

పిడుగు అంటే పదేళ్ళ పిల్ల. ఇంట్లో అందరూ దాన్ని అలాగే పిలుస్తారు. మేనత్త ఇంట్లో నెల్లాళ్ళు ఉండటానికి వెళ్తూ నానమ్మ తన టమాటా మడిని తమ్ముడికి అప్పగించబోతే, పిడుగు పోట్లాడి మరీ తను తీసుకుంది.

తీసుకున్నాక ఊరుకుందా? మడిని అద్దంలా ఉంచాలనుకుంది. ఎండుటాకులన్నీ ఏరి పారేసింది. మట్టి తవ్వితే వానపాములు మెలికలు తిరుగుతూ కనిపించాయి. దాని ఒళ్ళు జలదరించింది. ఇవి మొక్కల వేర్లు తినేస్తాయని తనకు తనే తేల్చేసుకుని, రోజూ పారతో ఎత్తి గోడ అవతల ఆకుల చెత్తలోకి విసిరేసింది. పెద్ద ఘనకార్యం చేసినట్టు మురిసిపోయింది కూడా.

ఇప్పుడేమో మట్టి బిగుసుకుపోయింది. ఆకులు పసుపెక్కాయి. రెండు మొక్కలైతే తలలు వాల్చేశాయి.

నానమ్మ వస్తూనే పెరట్లోకి నడిచింది. పిడుగు వెనకే వెళ్ళింది. తప్పు తమ్ముడి మీదికి నెట్టేద్దామా అనిపించింది. కానీ నానమ్మ వంగి, వాలిన మొక్కను నెమ్మదిగా పైకెత్తి చూసేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. జరిగిందంతా చెప్పేసింది.

నానమ్మ వేలితో మట్టిని పొడిచి చూసింది. "నా పనివాళ్ళందర్నీ మాన్పించేశావన్నమాట," అంది.

వానపాములు బతికున్న వేర్ల జోలికి పోవట. రాలిన ఆకుల్ని తిని, మొక్కలకు బలమిచ్చే మట్టిని వదులుతాయట. అవి తిరిగే సన్నటి దారుల్లోంచే నీళ్ళూ గాలీ లోపలికి దిగుతాయట.

"మళ్ళీ వస్తాయా నానమ్మా?"

"తిండి లేని చోటికి ఎందుకొస్తాయే?"

పిడుగు బకెట్ తీసుకుని గోడ అవతలికి పరుగెత్తింది. వెనకే తమ్ముడు. తడి ఆకులు తీసి బకెట్లో నింపుకుంటే అడుగున మట్టి నల్లగా, మెత్తగా ఉంది. వానపాములు అక్కడ హాయిగా కాపురం పెట్టేశాయి. పక్కనే ఎవరూ నాటని మొక్క ఒకటి నిగనిగలాడుతోంది. దాన్ని చూసి పిడుగు ఒక్క క్షణం ఆగింది. వానపాముల్లో కొన్నింటినే తీసుకెళ్దామని తమ్ముడితో చెప్పింది.

తమ్ముడు ఒక పుల్ల అందించాడు.

"వద్దులే, వాటికి గుచ్చుకుంటుంది," అని పిడుగు కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి చాపింది.