వెండెలిన్ తాత చావు గంట

ఇలా దగ్గరికి జరగండి, పొయ్యి పక్కకి. తలుపు వేసి రండి, ఈ కథకి చలిగాలి పడదు. మా లోయలో ఇది చాలామందికి తెలుసు గాని, ఒక్కొక్కరు ఒక్కో ముక్క మింగేసి చెబుతారు. నేను మొత్తం చెబుతాను.

సరిహద్దు మీద ముళ్లకంచె వేసిన కాలం అది. వియన్నాలో ఒక ఆఫీసుంది, దానికి బోర్డు లేదు. అందులో కాస్పర్ అనే ఏజెంటుని చీఫ్ పిలిచాడు.

"కొండలెక్కడం వచ్చా?"

"రాదు సార్."

"నేర్చుకో. నువ్విప్పుడు టూరిస్టువి. టిరోల్‌లో ఒక లోయ. అక్కడ బుర్గా అనే ఆవిడ ఇంట్లో గది తీసుకో. ఆవిడ మందని పై పచ్చికలో కాసే పెద్ద కాపరి పేరు లోరెన్జ్. నిజానికి అతను ఇంజనీరు. కంచె దాటి వచ్చాడు. అవతలి ముఠాకి మన దేశంలో పనిచేసే మనుషుల పేర్లన్నీ అతని తలలో ఉన్నాయి. మంద దిగే రోజున అతనూ దిగుతాడు. కార్లో ఎక్కించి తీసుకురా. అంతే మిషన్."

"నాకు తోడు?"

"ఇలోనా వస్తుంది. ఆమె 'ఈ ఏడు గడ్డి ముందే ఎండింది' అంటుంది. నువ్వు 'అయినా పాలు తగ్గలేదు' అనాలి."

కాస్పర్‌కి చేతికర్రలో పిస్తోలు, కెమెరాలో వైర్‌లెస్ ఇచ్చారు. మేకులు కొట్టిన బూట్లు కూడా ఇచ్చారు, అవి మాత్రం ఒక సైజు చిన్నవి.

ఇలోనా వచ్చింది. కోడ్ వర్డ్ తప్పు లేకుండా చెప్పింది. ఆమె వీధిలో నడిస్తే మా మగవాళ్లు కొడవలి నూరడం ఆపి, రాయి మీద వేలు నూరుకునేవారు. టూరిస్టులు చేసేదే మనమూ చెయ్యాలి, లేకపోతే అనుమానం వస్తుందని కాస్పర్‌ని తాడుతో ఎక్కే నిలువు రాతి దారికి తీసుకెళ్లింది. పైన తాడు ఆమె పట్టుకుంది, కింద అతను వేలాడాడు. తాడు తెగింది.

గడ్డి మోసే బండి మీద వేసి ఇంటికి తెచ్చారు. డాక్టరు వచ్చి మడమ నుంచి తుంటి దాకా కట్టు వేసి, "మంచు పడేదాకా కదలకు" అన్నాడు. మేడ ఎక్కలేడు కదా, కింది పెద్దగదిలో మంచం వేశారు. ఆ గదిలోనే, గది వెచ్చబెట్టే పెద్ద ఇటుక పొయ్యి మీద వేసిన బల్ల మీద బుర్గా మామగారు వెండెలిన్ తాత పడుకునేవాడు. పెద్ద వయసు. చెవుడు. కాదు, చెవుడని ఊళ్లో అందరూ అనుకునేవారు.

మంద దిగే రోజంటే మాకు పండగ, ఆవులకి పూల కిరీటాలు పెట్టి, గంటలు మోగిస్తూ, కొరడాలు పేలుస్తూ ఊళ్లోకి దించుతాం, చూడ్డానికి టూరిస్టులు వందల్లో వస్తారు. ఆ పొద్దున ఇలోనా మంచం పక్కన కూర్చుని కాస్పర్‌కి రొట్టె ముక్కలు పాలలో ముంచి తినిపించింది.

"తాడు ఎలా తెగిందని అడగవేం?" అంది.

కాస్పర్ నమలడం ఆపాడు.

"ఇప్పుడు చెప్పినా నష్టం లేదు. నువ్వు లేవలేవు. నీ కర్ర, కెమెరా నా దగ్గరున్నాయి. టెలిఫోను తీగ పొద్దున్నే పోయింది. లోరెన్జ్ మొహం మా వాళ్లెవరికీ తెలియదు, కాని పెద్ద కిరీటం పెట్టిన ఆవుని నడిపించేది పెద్ద కాపరే కదా? గంటలు మోగుతుంటాయి, కొరడాలు పేలుతుంటాయి. ఇంకొక్కటి పేలితే ఎవరికి తెలుస్తుంది?"

"ఈ లోయ నీకు అన్నం పెట్టింది ఇలోనా."

"అన్నం కాదు, పిండి ఉండలు పెట్టింది. ఇంకా అరగలేదు." మూతి తుడిచి, బుగ్గ మీద తట్టి, కొత్త బట్టలు కట్టుకోవడానికి మేడ మీదికి వెళ్లింది.

బుర్గా సూప్ గిన్నె తెచ్చేసరికి కాస్పర్ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గుసగుసగా అంతా చెప్పేశాడు.

"అక్కా, మందని ఆపించు."

"ఎవరిని పంపను తమ్ముడూ? ఊరంతా వీధిలో ఉంది. మంద పచ్చిక వదిలేసింది, విను." పై నుంచి గంటల మోత సన్నగా వస్తోంది. "నా మోకాళ్లతో నేను పై గేటు చేరేసరికి వాళ్లు వంతెన దాటేస్తారు."

"కాల్చేవాడెవడో తెలిస్తే జనానికి చెప్పేవాణ్ణి. ఇన్ని వందల టూరిస్టుల్లో నాకూ తెలియదు. అరిస్తే ఇవాళ తప్పించుకుని ఇంకో రోజు కాలుస్తాడు."

"కప్పు మీది ఇంటి గంట కొట్టనా? మంట అనుకుని పరుగెత్తి వస్తారు."

"పరుగెత్తి ఎక్కడికొస్తారు? తుపాకీ ముందుకే!"

 సూప్ మీద నూనె గడ్డకట్టింది. ఆవిడ గిన్నె ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది. చేతులకి ఇంకో పని తోచలేదు పాపం.

అప్పుడు పొయ్యి మీది నుంచి మాట వినిపించింది.

"మంట గంట కాదే కోడలా. చావు గంట కొట్టు."

"మామా! నీకు వినబడిందా?"

"నాకు వినాలనిపించింది వినబడుతుంది. ఇంట్లో మనిషి పోతే మంద ఎలా దిగుతుంది? చెప్పు."

ఎలా దిగుతుందో మా లోయలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. కిరీటాలు తీసేస్తారు. గంటల నాలుకలకి గడ్డి చుడతారు. కొరడా పేలదు. కాపరులు, ఊళ్లోవాళ్లు అందరూ టోపీలు చేత పట్టుకుని ఆవుల మధ్య కలిసిపోయి నడుస్తారు.

బుర్గా మొహం పాలిపోయింది. "బతికున్న మనిషికి చావు గంట కొడితే ఏడాది తిరక్కుండానే పోతాడంటారు మామా. నా చేత్తో ఆ తాడు లాగమంటావా?"

"ఆ కుర్రాడు వేసవంతా నా ఆవుల్ని కాశాడు. ఒక్క దూడ లోయలో పడలేదు. వాడు పోవాలా, నేను పోవాలా? నీకు లెక్క రాకపోతే నేనే దిగి లాగుతా. దిగితే కాళ్లు విరుగుతాయి, ఈ టూరిస్టు పక్కన నన్నూ పడుకోబెడతావు. వీడి గురక నేను పడలేను."

ఆవిడ ఏడుస్తూనే నడవలోకి వెళ్లి తాడు పట్టుకుంది. ఇంటి కప్పు మీది గంట ఒకసారి మోగింది. చాలా సేపటికి ఇంకోసారి.

ఇలోనా గబగబా దిగి వచ్చింది. "ఏమిటా గంట?"

తాత దవడకి గుడ్డ కట్టి ఉంది. చేతిలో శిలువ, తలవైపు కొవ్వొత్తి. "మా మామగారు పోయారమ్మా," అంది బుర్గా. నిజం ఏడుపే అది, నటన కాదు.

ఇలోనా శిలువ గీసుకుని విసుగ్గా కిటికీ దగ్గరికి పోయింది. పైన గంటలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. కొరడాలు పేలుతూనే ఉన్నాయి. గాలి ఎదురు వీస్తోంది. వాళ్లకి వినబడలేదు అనుకున్నాడు కాస్పర్. పక్క మీది దుప్పటి పిడికిట్లో నలిగిపోయింది. కాలు కదపబోతే కట్టు కదిలింది, కాలు కదల్లేదు.

ఒక కొరడా ఆగింది. తర్వాత రెండోది. పెద్ద గంట ఆగింది. వెనక చిన్నవి ఒక్కొక్కటే ఆగిపోయాయి. వీధిలో వాయిద్యగాళ్లు కూడా మానేశారు. ఎవరికీ ఎవరూ చెప్పలేదు. మగవాళ్ల టోపీలన్నీ దిగాయి, వాళ్లని చూసి టూరిస్టులూ దించారు.

మంద వచ్చింది. గిట్టల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"కిరీటం ఏది?" అంది ఇలోనా. "ఎవడు వాడు? అందరూ ఒకేలా ఉన్నారే!"

కాస్పర్‌కి ఊపిరి వచ్చింది. అంతలోనే పోయింది. ఎందుకంటే ఇలోనా నవ్వింది.

లోరెన్జ్ ఉన్నాడే, వేసవంతా సాయంత్రాలు కూర్చుని ఆ కిరీటం తనే కట్టాడు. దేవదారు కొమ్మలు, కాగితం గులాబీలు, నడుమ చిన్న అద్దం. పారెయ్యడానికి మనసు రాలేదు. వీపు వెనక దాచి పట్టుకుని నడుస్తున్నాడు. అద్దం ఎండలో తళుక్కుమంటోంది.

"చూశావా?" అంది ఇలోనా. "చేతిలో ఉన్నా కిరీటం కిరీటమే."

నీళ్లతొట్టి పక్కన ఒక పొడుగాటి పెద్దమనిషి స్టాండు మీది కెమెరాని మెల్లగా తిప్పుతున్నాడు. మా వాళ్ల తోలు నిక్కరు, మా వాళ్ల కోటు, ఈక పెట్టిన ఆకుపచ్చ టోపీ. ఆ కెమెరా కిరీటం వైపే తిరుగుతోందని కాస్పర్ మంచం మీంచే కిటికీలోంచి చూశాడు, తుపాకీ అందులోనే ఉందని తెలిసిపోయింది. "లోరెన్జ్!" అని అరవబోతే ఇలోనా దిండు తీసి మొహం మీద నొక్కింది. ఇక అతని వల్ల అయ్యేది ఏమీ లేదు.

కాని ఆ పెద్దమనిషికి తెలియంది ఒకటుంది. మా బట్టలు వేసుకున్నవాడు చావు మంద ముందు టోపీతో నిలబడితే మా క్విరిన్ ఊరుకోడు. కసాయి క్విరిన్ చెయ్యి ఎద్దు తలంత ఉండేది.

"ఏరా, టోపీ నీ నెత్తిమీద మొలిచిందా?" అని వెనక నుంచి ఒక్కటి ఇచ్చాడు.

టోపీ ఎగిరింది. మనిషి కెమెరా మీద పడ్డాడు. కెమెరా పేలింది. గుండు తొట్టికి తగిలి నీళ్లు చిమ్మాయి. కొరడాల మోతలో అయితే ఎవరికీ వినబడేది కాదు. ఆ నిశ్శబ్దంలో లోయంతా తల తిప్పింది. క్విరిన్ ఆ మనిషి మీద కూర్చున్నాడు. పోలీసు వచ్చేదాకా లేవలేదు, వచ్చాక కూడా తీరిగ్గా లేచాడు.

ఇలోనా దిండు వదిలి గుమ్మం వైపు పరుగెత్తింది. గుమ్మం నిండా నల్ల బట్టల ఆడవాళ్లు, చేతుల్లో జపమాలలు.

"ఎక్కడికమ్మా? శవం ఉన్న ఇంట్లోంచి ప్రార్థన చెయ్యకుండా పోతారా?" అని చెరోవైపు ఇద్దరు లావుపాటివాళ్లు భుజాలు పట్టి మోకాళ్ల మీద కూలేశారు. ఆమె చేతిలోని పిస్తోలు కర్రని ఒకావిడ తీసుకుని మూలన పెట్టింది, ప్రార్థనకి అడ్డమని. ప్రార్థన సగంలో తాత దవడ గుడ్డ విప్పుకుని, "సూప్ ఇంకా వెచ్చబెట్టలేదా?" అన్నాడు. ముగ్గురు మూర్ఛపోయారు. ఇలోనాని పోలీసు మోకాళ్ల మీంచే లేపి తీసుకుపోయాడు.

లోరెన్జ్‌ని ఆ పూటే కార్లో వియన్నాకి తీసుకెళ్లారు. కిరీటం ఒళ్లో పెట్టుకుని వెనక్కి చూస్తూ పోయాడు. ఆవులకి చెప్పి వెళ్లడానికి కూడా టైమివ్వలేదు. కాస్పర్ మంచు పడేదాకా మంచంలోనే ఉన్నాడు. కట్టు కింద కాలు దురద పెడితే బుర్గా అల్లిక సూదితో గోకేది. ఆఫీసు మాటలు, తాడు సంగతి అన్నీ అతను అప్పుడే మా వాళ్లకి చెప్పాడు.

ఏడాది గడిచేదాకా బుర్గా రోజూ తెల్లారగానే మామగారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఏడాది తిరిగింది. ఇంకెన్నో తిరిగాయి.

తాత నిజంగా ఒక వేసవిలో పోయాడు. అప్పుడు మాత్రం గంట కొట్టలేదు. "నా గంట కొట్టేశారు, మళ్లీ తాడు అరగదీయకండి. మంద కిరీటాలతో దిగాలి," అని ముందే చెప్పాడు. అలాగే దిగింది. కొరడాలు పేలాయి, గంటలు మోగాయి. బుర్గా వీధిలో నిలబడి నవ్విందో ఏడ్చిందో ఆ మోతలో ఎవరికీ తెలియలేదు.

గుర్తుంచుకుని మీ పిల్లలకి చెప్పండి. ఏజెంటు పేరు మరిచిపోయినా ఫరవాలేదు, అతను పడుకునే ఉన్నాడు. క్విరిన్ దెబ్బ మాత్రం వదిలెయ్యకండి. చెప్పేటప్పుడు టోపీ తియ్యండి.