రెండు పిడికిళ్ల జొన్నలు

చూరుకు నిప్పంటుకుందన్న కేక విని జీవమ్మ చేలోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఇరుగుపొరుగు వాళ్లు నీళ్లు చల్లి మంట ఆర్పేశారు. చూపు లేని అత్త వరమ్మ, కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని పొయ్యి పక్కనే వణుకుతూ కూర్చుని ఉంది. "ఆకలితో వస్తావని సంగటి చేద్దామనుకుంటినమ్మా..." అంది బెదురుగా. జీవమ్మకు కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి! భర్త పోయి మూడేళ్లు. తాను కూలికి పోకపోతే ఇద్దరాడపిల్లలకు గంజి లేదు. పోతే ఈ పెద్దదాన్ని కనిపెట్టుకునే దిక్కు లేదు. ఏం చేస్తుంది, చెప్పండి!

"రాజంపేటలో మన ఏసు గుడి సంఘమోళ్ల ముసలోళ్ల ఆశ్రమం ఉండాది గదా. నన్నాడ వదిలిపెట్టు," అంది చివరికి వరమ్మే.

ఆ మాట విన్నప్పటినుంచీ జీవమ్మకు కాలు నిలవలేదు, కంటికి కునుకు లేదు. ఆశ్రమానికి నెలకు రెండు రూపాయలు కట్టాలి. రోజుకు రెండణాల కూలిలో అంత ఎక్కడినుంచి తెస్తుంది? ఒక్కటే దారి... గడిచిన పన్నెండేళ్లూ ఒక్క ఏడూ తెగకుండా పిడికిలి గింజలిచ్చిన వాళ్ల దగ్గర రుసుము తీసుకోరు. వంటకు తీసిన గింజల్లోంచి రోజూ ఒక పిడికెడు దేవుని కుండలో వేసి, నెలకోసారి గుడికివ్వడం ఆ సంఘం ఆడవాళ్ల ఆనవాయితీ. ఆ గింజలే ఆశ్రమంలో వాళ్లకు తిండి. వరమ్మ కాపురానికొచ్చిన నాటినుంచీ ఒక్కరోజూ మానలేదు.

కానీ... పోయిన ఏడు కరువులో అత్త వేసిన ప్రతి పిడికెడూ వెనకనుంచి జీవమ్మ తీసేసి పిల్లల గంజిలో కలిపేసింది! కరువుకాలమని గుడివాళ్లూ కుండ అడగలేదు.

అత్తను రాజంపేటకు తీసుకుపోతూ ఎద్దులబండిలో దారి పొడుగునా జీవమ్మ మనసు కుదురుగా లేదు. నోరు మూసుకుంటే అత్తకు నీడ దొరుకుతుంది... ఎవరికి నష్టం?

ఆశ్రమం చూసుకునే ఏసుమణమ్మ పుస్తకం తెరిచింది. "ఎప్పుడన్నా మానినావా వరమ్మా?"

"ఒక్క పొద్దు గూడా మానలేదు తల్లీ!"

వసారాలో ముసలివాళ్లు వరసగా కూర్చుని సంగటి తింటున్నారు. ఎవరో తల్లి తన పిల్లల వంతు తగ్గించి పంపిన జొన్నలవి! జీవమ్మ ఇక తట్టుకోలేకపోయింది.

"అత్త మానలేదమ్మా... నేనే! ఏడాది పొడుగునా ఆ గింజలు నేనే తీసుకున్నా! దేవుని కుండలో దొంగతనం చేసినా!" అంటూ ఏసుమణమ్మ కాళ్లమీద పడి భోరుమంది.

వరమ్మ తడుముకుంటూ వచ్చి కోడలి తల నిమిరింది. "ఊరుకో పిచ్చిదానా! నాకు కండ్లు లేవు గానీ చెవులుండాయి గదా. నిండిన కుండలో గింజ పడితే సప్పుడు రాదు. ఏడాదంతా నా పిడికెడు అడుగున గలగలమంటానే ఉండె! నేను మానుకుంటే నాకు తెలిసిపోయిందని సిగ్గుతో సచ్చిపోతావని, దినమూ వేస్తానే ఉంటి..."

"అత్తా!" అని ఆమె ఒళ్లో తల దాచుకుంది జీవమ్మ. అంతకాలం తన తప్పును కడుపులో దాచుకున్న ఈ తల్లినా తాను ఇక్కడ వదిలిపెట్టేది!

ఏసుమణమ్మ పైటకొంగుతో కళ్లొత్తుకుంది. "తెగింది తెగిందే జీవమ్మా. నేను పుస్తకంలో అబద్ధం రాయలేను. అయితే ఒక పని చెయ్యి. ఏడాదిపాటు దినమూ రెండు పిడికిళ్లు వెయ్యి. ఒకటి ఈ ఏటిది, ఇంకొకటి పోయిన ఏటిది. మీ అత్తకు మంచం ఇప్పుడే వేయిస్తా."

జీవమ్మ సరేనని తలూపి అత్త చేతులు పట్టుకుంది. వరమ్మే ఆమెను వాకిలి వైపు నెట్టింది. "పోమ్మా, పొద్దు గుంకుతాది. ఆడబిడ్డలు ఒంటరిగా ఉండారు."

ఇంటికొచ్చి జీవమ్మ అలవాటుకొద్దీ నలుగురికి జొన్నలు కొలిచింది. ఇప్పుడు తినేది ముగ్గురే అని గుర్తొచ్చింది. అత్త వంతు తిరిగి గాదెలో పోయబోయి ఆగి, పిడికిలితో కొలిచి చూసింది. సరిగ్గా రెండు పిడికిళ్లు!

ఆ రెండూ ఖాళీగా ఉన్న దేవుని కుండలో వేసింది. గింజలు గలగలమన్నాయి. నెల తిరిగేసరికి ఈ కుండ సప్పుడు లేకుండా నిండాలి అనుకుంటూ జీవమ్మ కళ్లు తుడుచుకుని పొయ్యి రాజేసింది.