ఆగిపోయిన దగ్గు

ఆయాసమని తీసుకొచ్చిన భర్తకు దగ్గు మాత్రం పూర్తిగా తగ్గిపోయిందని ఆ ఇల్లాలు సంబరంగా చెప్పగానే డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. సంతోషించాల్సిన మాటే కదా!

భర్త బేకరీలో కట్టెల పొయ్యి ముందు నిలబడి రొట్టెలు కాల్చే మేస్త్రి. ఆయన చొక్కాకు పొగే అత్తరని పెళ్లైన కొత్తలో ఎంత ఏడిపించేదో! ఈమధ్య మెట్లెక్కితే ఆయనకు ఆయాసం వస్తోందని కాళ్లావేళ్లా పడి పని మానిపించింది. అప్పుడు మొదలైంది దగ్గు! పొయ్యి దగ్గర ఏనాడూ లేనిది, చల్లగాలి తగిలినా దగ్గే, సబ్బు వాసనకూ దగ్గే, చివరికి నవ్వినా దగ్గే. డొక్కలు పట్టుకుని మెలికలు తిరిగిపోయేవాడు. ఆడపడుచు ఊరుకుంటుందా! లక్షణంగా పని చేసుకునే తమ్ముణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి రోగిష్టివాణ్ణి చేశావని దెప్పిపొడిచింది. ఆ మాట పడలేక, ఆ దగ్గు చూడలేక, తానే చొక్కా ఇస్త్రీ చేసిచ్చి మళ్లీ పొయ్యి దగ్గరికి పంపింది. కొన్నాళ్లకు దగ్గు పోయింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు... ఆయన తప్ప!

"దగ్గు శత్రువు కాదమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఊపిరితిత్తుల్లో సన్నటి నరాలుంటాయి. పొగ తగలగానే దగ్గు తెప్పించేవి అవే. ఏళ్ల తరబడి పొగ పీల్చి మొద్దుబారిపోయాయి. పని మానాక మేలుకున్నాయి, అందుకే అంత దగ్గు. మళ్లీ పొగలోకి పంపేసరికి నోరు మూసుకున్నాయి. ఇప్పుడు కఫమంతా లోపలే పేరుకుపోయింది."

"ఇప్పుడు మానిపిస్తే ఆయన బాగవుతారా?"

మానిపించాల్సిందేననీ, మందులు రాస్తాననీ, పాడైపోయినంత మేర మాత్రం తిరిగి రాదనీ చెప్పి డాక్టరమ్మ తల దించుకుంది. ఆ ఇల్లాలు ఏ చేత్తో అన్నం పెట్టిందో ఆ చేత్తోనే మొగుణ్ణి పొగలోకి తోసిందే... ఎవరితో చెప్పుకుని ఏడ్వాలి!

ఇంటికి తెచ్చి, దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టింది. రొమ్ములో కఫం గురగురమంటోంది. ఆపితే చాలనుకున్న దగ్గు కోసమే ఇప్పుడు వీపు నిమురుతూ ఎదురుచూస్తోంది.

"ఒక్కసారి దగ్గండి... నాకోసం."

ఆయన ప్రయత్నించాడు. రాలేదు. ఆమె కళ్లు నిండటం చూసి, బడి ఎగ్గొట్టే పిల్లవాడిలా గొంతులోంచే ఖళ్లుఖళ్లుమని, "వచ్చిందిగా, ఇక ఏడవకు," అన్నాడు.

అది దొంగ దగ్గని ఆమెకు తెలియదూ!

"వచ్చిందండీ," అంటూ వీపు నిమురుతూనే ఉంది.